కాలిన చెయ్యి, కులాసా గిటారు

బండి నిండా పూలు. వాడిపోయే రకం కాదు. కాగితం, సెల్యులాయిడ్ కత్తిరించి, మడిచి, తీగకు చుట్టి చేసినవి. పారిస్ ఉత్తరపు పొలిమేరలో సాంతువాన్ దగ్గర ఖాళీ జాగాలో నిలిపిన గుర్రపు బండి అది. చక్రాల మీద కాపురం. పడుకోవడానికి కాస్త చోటు పోను మిగిలినదంతా బెల్లా చేసిన పూలే. తెల్లారితే అమ్మకానికి పోవాలి. సెల్యులాయిడ్ అంటే పాతకాలం సినిమా రీలు చేసిన సరుకే. ఆ రోజుల్లో ప్రొజెక్టర్ తిప్పినవాళ్ళకు దాని సంగతి బాగా తెలుసు. రవ్వ సోకితే చాలు, ఆర్పుకునే వ్యవధి ఇవ్వదు.

1928 శరత్కాలం. అర్ధరాత్రి దాటాక బెల్లా భర్త బండి ఎక్కాడు. వయసు 18. పేరు జాన్ రైన్‌హార్ట్. అందరూ పిలిచేది జాంగో అని. లా జావా అనే డాన్సుహాలులో అకార్డియన్ పక్కన బాంజో వాయించి వస్తున్నాడు. మూలన ఏదో కదిలిన చప్పుడు. ఎలుకేమో అనుకున్నాడు. కొవ్వొత్తి చేతిలోకి తీసుకుని వంగి చూడబోయాడు. వత్తి జారి పూలమీద పడింది.

ఆ తర్వాత జరిగిందంతా క్షణాల మీద జరిగింది. దుప్పటి లాగి ఎడమచేత్తో అడ్డం పెట్టుకున్నాడు. మంటల్లోంచి బెల్లా బయటపడింది. జుట్టు అంటుకుంది, ఒళ్ళు కొద్దిగా కాలింది, బతికింది. అప్పటికామె గర్భవతి. అతను కూడా ఎలాగో బయటికొచ్చి పడ్డాడు. కుడికాలు, నడుము దాకా, ఘోరంగా కాలింది. దుప్పటి పట్టుకున్న ఎడమచెయ్యి అంతకంటే అన్యాయం.

ఆ బండిలో దగ్ధమైపోయిన బతుకు ఎలాంటిదో చెప్పాలి. జాంగో 1910 జనవరి 23న బెల్జియంలో లిబర్షీ అనే ఊరి దగ్గర ఆగిన బండిలో పుట్టాడు. మనూష్ తెగవాళ్ళు, రోమా జాతిలో ఒక శాఖ. వందల ఏళ్ళ కిందట ఉత్తర భారతం నుంచి పడమటికి కదిలిపోయిన జనం సంతతి. బడి మొహం చూడలేదు. పన్నెండో ఏట బాంజో చేతికొచ్చింది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పెద్దవాళ్ళ వేళ్ళు చూసి పట్టేశాడు. కొద్దికాలంలోనే పారిస్ డాన్సుహాళ్ళ అకార్డియన్ విద్వాంసులు అతన్ని పక్కన పెట్టుకోవడానికి పోటీపడ్డారు. మంటలకు కొద్ది నెలల ముందే మొదటి రికార్డులు వచ్చాయి. పేరు ఎలా రాయాలో అతనికే తెలియదు కాబట్టి రికార్డు మీద చెవికి వినిపించినట్టుగా జియాంగో రెనార్ అని అచ్చేశారు. లండన్ నుంచి జాక్ హిల్టన్ అనే బ్యాండు నాయకుడు పనిగట్టుకుని వచ్చి, విని, తన బృందంలోకి రమ్మన్నాడు. ఆ పిలుపు అందిన కొద్దికాలానికే ఈ మంటలు.

ఆసుపత్రిలో డాక్టర్లు కాలు తీసెయ్యాలన్నారు. అతను ఒప్పుకోలేదు. కాలు దక్కింది గానీ చెయ్యి సంగతి వేరు. పుండ్లు మానేకొద్దీ ఉంగరం వేలు, చిటికెన వేలు లోపలికి ముడుచుకుపోయాయి. నరాలు కుంచించుకుపోయి గోళ్ళు అరచేతి వైపు వంగిపోయాయి. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు పనిచేస్తాయి. బాంజో తీగలమీద నాలుగు వేళ్ళు పరుగులు తీసే పనివాడికి ఇది కథ ముగిసినట్టే. తమ్ముడు జోసెఫ్ మాత్రం ఓ గిటారు తెచ్చి మంచం మీద పెట్టాడు.

కోలుకోవడానికి సుమారు ఏడాదిన్నర పట్టింది. ఈలోగా బెల్లాకు కొడుకు పుట్టాడు. ఆమె వేరే దారి చూసుకుంది. జాంగో మళ్ళీ నగీన్ అనే పాత స్నేహితురాలి చెంతకు చేరాడు. ఆమె కడదాకా అతనితోనే ఉంది.

ఇలాంటి కథలకు మూస ఒకటి ఉంది. మంటల్లో పడ్డాడు, వేళ్ళు పోగొట్టుకున్నాడు, ఆ బాధలోంచి ఆనందగానం పుట్టింది, అని. జాంగో విషయంలో నాకు అది మింగుడుపడదు. ఆ కులాసా మంటలకు ముందే ఉంది. డాన్సుహాల్లో జనాన్ని నిలబడనివ్వకుండా చేసినవాడు అతను. ఏడుపు పాటలు వాయించుకునేవాడిని వెతుక్కుంటూ జాక్ హిల్టన్ సముద్రం దాటి వస్తాడా? మంటలు చేసిందల్లా చేతికి దారి మార్చడం. ఆ దారి ఎలా మారిందో కళ్ళతో చూడొచ్చు. 1938లో తీసిన ‘జాజ్ హాట్’ అనే చిన్న సినిమా మిగిలి ఉంది. అందులో కెమెరా అతని ఎడమచేతికి బాగా దగ్గరగా వెళుతుంది.

చూపుడు వేలు, మధ్యవేలు. రెండే. మామూలు గిటారిస్టు చెయ్యి ఒకచోట నిలిపి, నాలుగు వేళ్ళు నాలుగు మెట్ల మీద పరిచి, తీగ నుంచి తీగకు అడ్డంగా పోతాడు. జాంగోకి ఆ వసతి లేదు. అందుకని చెయ్యి మొత్తం గిటారు మెడ పొడవునా పైకీ కిందికీ పరుగెడుతుంది. చూపుడు వేలు ఒక స్వరం నొక్కేలోగా మధ్యవేలు ఎగిరి దానిపైన దిగుతుంది. వెంటనే రెండూ కలిసి మూడు మెట్లు జారతాయి. ఒక్కోసారి ఒకే వేలు తీగమీద నుంచి లేవకుండా కిందనుంచి పైదాకా అన్ని మెట్లూ తాకుతూ పోతుంది, అందులోనే నవ్వినట్టు ఓ గమకం. పనిచేయని రెండు వేళ్ళూ ఊరికే లేవు. కొన్ని స్వరాలు ఒకేసారి మోగించే కార్డ్ పట్టాల్సి వచ్చినప్పుడు కింది తీగల మీద ఓ మూలకు ఆనుతాయి. లావు తీగను బొటనవేలు వెనక నుంచి చుట్టి నొక్కుతుంది. అతని ముఖం చూస్తే ఏ శ్రమా కనిపించదు. సన్న మీసం, నున్నగా దువ్విన జుట్టు, కొంచెం విసుగ్గా, ఎక్కడో చూస్తున్నట్టు ఉంటాడు.

కుడిచేతిని ఎవరూ పొగడరు, అదో అన్యాయం. మైకు ఊసు లేని హాళ్ళలో అకార్డియన్‌ను మించి వినిపించాలి కదా. మందపాటి మీటు పట్టుకుని, మణికట్టు వంచి, కిందికి బలంగా వేస్తాడు. మీటు తీగ దాటి పక్క తీగమీద ఆగుతుంది. తీగ మారినప్పుడల్లా మళ్ళీ కిందికే దెబ్బ. అందుకే ఎంత వేగంలోనైనా ఒక్కో స్వరం విడిగా, గుండ్రంగా మోగుతుంది. దానికి తగ్గ వాయిద్యం కూడా దొరికింది. మారియో మకాఫెరి అనే ఇటలీ గిటారిస్టు రూపకల్పన చేస్తే 1932 నుంచి పారిస్‌లో సెల్మర్ కంపెనీ తయారుచేసిన గిటారు.

1931లో దక్షిణాన తూలోన్ రేవులో ఎమిల్ సావిత్రీ అనే చిత్రకారుడు జాంగోని తన గదికి పిలిచి లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డులు పెట్టాడు. ఒక ముక్క ఇంగ్లీషు రాని ఈ కుర్రవాడు తల చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. జాజ్ పిచ్చి అప్పుడు పట్టుకుంది.

*

ఇక 1934. షాంజెలీజే వీధిలో క్లారిడ్జ్ హోటల్. సాయంకాలం టీ తాగుతూ డాన్సు చేసే పెద్దమనుషుల కోసం రెండు బృందాలు వంతులవారీగా వాయిస్తున్నాయి. లూయీ వోలా నడిపే బృందంలో జాంగో ఉన్నాడు. స్తెఫాన్ గ్రాపెల్లి అనే వయొలినిస్టు కూడా ఉన్నాడు. మనిషి శుభ్రత, సమయపాలన, లెక్క, పద్ధతి ఉన్నవాడు. చిన్నప్పుడు అనాథాశ్రమంలో పెరిగాడు, వీధుల్లో వాయించి బతికాడు. జాంగోకి అతనికి పొంతన లేదు.

ఒకరోజు వంతు రాకముందు తెర వెనక గ్రాపెల్లి వయొలిన్ తీగ తెగింది. కొత్తది బిగించి, శ్రుతి చూసుకుంటూ ఊసుపోక ఓ చరణం లాగాడు. పక్కన జాంగో ఖాళీగా కూర్చున్నాడు. గిటారుతో కింద కార్డులు కలిపాడు. గ్రాపెల్లి మరో నాలుగు స్వరాలు చేర్చాడు. తెర వెనక ఆ కాసేపటిలోనే ఇద్దరికీ అర్థమైపోయింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. వోలా పెద్ద వయొలిన్ లాంటి డబుల్ బేస్ పట్టుకుని వచ్చి చేరాడు. రోజే షపూ రిథమ్ గిటారు కలిపాడు. తర్వాత జాంగో ఓ ఫిర్యాదు తెచ్చాడు. గ్రాపెల్లి వాయించేటప్పుడు వెనక తనూ షపూ ఇద్దరు గిటారిస్టులు ఉంటున్నారు, తను వాయించేటప్పుడు మాత్రం ఒక్కడే. న్యాయమేనా? ఆ లోటు తీర్చడానికి తమ్ముడు జోసెఫ్‌ని తెచ్చారు. ప్రపంచ జాజ్‌లో అంతకు ముందు లేని అమరిక ఇలా అలక మీద ఏర్పడింది. ఒక వయొలిన్, మూడు గిటార్లు, ఒక బేస్. డ్రమ్ము లేదు, పియానో లేదు, ఊదే వాయిద్యం ఒక్కటీ లేదు.

ఓ కంపెనీ నమూనా రికార్డు విని, మరీ కొత్తగా ఉందని తిప్పి పంపింది. పాపం, వాళ్ళ చెవులు. 1934 డిసెంబరులో అల్ట్రాఫోన్ అనే చిన్న కంపెనీ రికార్డు చేసింది. పేరు హాట్ క్లబ్ ద ఫ్రాన్స్ పంచవాద్య బృందం.

ఆ రికార్డులు ఈరోజు విన్నా కాలు ఆగదు. ఎందుకని? నా మటుకు నేను ఆ కులాసాని మూడు చోట్ల వెతుక్కుంటాను, మొదటిది జాంగో దగ్గర లేదు, అతని వెనకున్న ఇద్దరు కూలీల దగ్గరుంది. జోసెఫ్, షపూ వేసే దరువును ఆ శైలివాళ్ళు లా పొంప్ అంటారు. నాలుగు దెబ్బల్లో ఒకటి, మూడు మెత్తగా. రెండు, నాలుగు పొడిగా. మెత్తని దెబ్బ తీగను మోగనిస్తుంది. పొడి దెబ్బకు మాత్రం తగిలీ తగలగానే ఎడమచేతి వేళ్ళు తీగ వదిలేస్తాయి, మోత తెగిపోతుంది. జంట రోకళ్ళతో దంచుతున్నప్పుడు ఒకటి దిగేసరికి ఇంకొకటి లేస్తూ ఉంటుందే, అలాంటి లేపుడు అది. వినేవాడి మడమ నేలమీద ఆనే లోపే మళ్ళీ లేస్తుంది.

రెండోది కార్డులు. సాదా మేజర్ కార్డ్ అంటే మన లెక్కలో స, గ, ప. జాంగో తరహా వాయిద్యగాళ్ళు అక్కడితో ఆపరు. దానికి ద చేరుస్తారు, చాలాసార్లు రి కూడా. ఇప్పుడు స రి గ ప ద, అంటే మోహన రాగం స్వరాలన్నీ ఒకే దెబ్బలో ఒకేసారి మోగుతున్నాయి. మోహన వింటే మనవాళ్ళ ముఖం ఎందుకు విప్పారుతుందో నేను చెప్పక్కర్లేదు. అతనికి మోహనా తెలియదు, స్వరం పేరూ తెలియదు. మూడున్నర వేళ్ళతో ఏ కార్డ్ అందుతుందో అది పట్టుకున్నాడు.

మూడోది అతని చిలిపితనం. పాట మధ్యలో తిన్నగా పోతున్నవాడు ఉన్నట్టుండి ఒకే స్వరాన్ని పట్టుకుని పదిసార్లు మొండిగా కొడతాడు. తర్వాత కొన్ని తీగలు కలిపి గలగలమని కుదుపుతాడు. గ్రాపెల్లి ఏదైనా తీయగా పలికాడంటే దాని తోక పట్టుకుని వెక్కిరింపుగా సాగదీస్తాడు. ‘మైనర్ స్వింగ్’ అని 1937 నవంబరులో ఇద్దరూ కలిసి చేసినది ఉంది. మైనర్ అంటే విషాదం అని సంగీతం క్లాసుల్లో మొదటి రోజే చెబుతారు. ఆ పాట నడిచే మెట్టు మన కీరవాణికి దగ్గరది. ముఖ్యంగా మూడే కార్డులు. అయినా ఇంత హుషారైన పాట మరొకటి చూపించమంటే నేను తడుముకోవాలి.

*

మనిషిని చూస్తే మాత్రం బృందంవాళ్ళకు రోజూ గుండెదడ. కచేరీకి వస్తాడో రాడో. జేబులో డబ్బు ఉన్నంతసేపు బిలియర్డ్స్ బల్ల దగ్గరో పేకాట దగ్గరో ఉంటాడు. అది అయిపోతే సినిమాహాల్లో దొరుకుతాడు. ఎండ కాస్తే చెప్పకుండా బండి కట్టి ఊరి బయటికి పోతాడు. నక్షత్ర హోటల్ గది ఇస్తే ఊపిరాడదంటాడు. సంతకం పెట్టడం గ్రాపెల్లి నేర్పాడు. ఒప్పంద కాగితాలు గ్రాపెల్లే చదివేవాడు.  ఎన్ని కొట్లాటలు పడ్డారో వాళ్ళకే తెలియాలి. ఎర్ర మెడపట్టీ, వెడల్పు అంచు టోపీతో జాంగో వచ్చి స్టూలు మీద కూర్చోగానే అవన్నీ మర్చిపోయేవారు.

1939 సెప్టెంబరులో బృందం లండన్‌లో ఉంది. యుద్ధం మొదలైంది, సైరన్లు మోగాయి. జాంగో ఉన్నపళంగా పారిస్ చేరిపోయాడు. ఒంట్లో బాగాలేక గ్రాపెల్లి లండన్‌లోనే ఆగిపోయాడు. తర్వాతి ఏడు నాజీలు పారిస్ ఆక్రమించారు.

నాజీల లెక్కలో రోమాలు బతకదగని జాతి. యూరప్ అంతటా లక్షల్లో చంపారు. ఫ్రాన్సులోనూ కుటుంబాలకు కుటుంబాలను శిబిరాల్లో కుక్కారు. జాజ్ కూడా వాళ్ళ దృష్టిలో నీచ సంగీతమే. విచిత్రమేమిటంటే, అదే పారిస్‌లో జర్మన్ అధికారులు సాయంత్రమయ్యేసరికి జాజ్ వినడానికి బారులు తీరేవారు. ఆ వేదికల మీద కూర్చుని జాంగో వాయించాడు. 1940లో రికార్డు చేసిన ‘నువాజ్’ అతని పాటల్లో దిగులుగా ఉండేది. ఆక్రమణలో ఉన్న ఫ్రాన్సు దాన్ని నోట నోట పాడుకుంది. చూశారా, జనానికి ఏడుపు అవసరమైనప్పుడు ఏడుపూ ఇచ్చాడు. నవ్వొక్కటే వచ్చినవాడు కాదు.

1943 వేసవిలో నగీన్‌ని చట్టప్రకారం పెళ్ళి చేసుకున్నాడు. ఆమెకు నెల తప్పింది. ఆ శరత్కాలంలో స్విట్జర్లాండ్ సరిహద్దు దాటాలని తోనోన్ అనే ఊరు చేరారు. పట్టుబడ్డాడు. స్టేషనులో కూర్చోబెట్టారు. రోమా మనిషి, సరిహద్దు దగ్గర, జర్మన్ల చేతిలో. ఇక్కడితో సరి అనుకోవాలి. లోపలికి వచ్చిన జర్మన్ అధికారి జాజ్ అభిమాని. ఎదురుగా కూర్చున్నది ఎవరో గుర్తుపట్టాడు. వదిలేశాడు. కొన్నాళ్ళకు చీకటిమాటున మళ్ళీ ప్రయత్నించాడు. ఈసారి స్విస్ కాపలావాళ్ళే వెనక్కి పంపారు. చేసేదేం లేక పారిస్ వచ్చి వాయించుకున్నాడు. 1944 జూన్‌లో కొడుకు బాబిక్ పుట్టాడు.

యుద్ధం ముగిశాక, 1946 మొదట్లో, లండన్‌లో గ్రాపెల్లిని కలిశాడు. ఆరేళ్ళపైన అయింది. ఒకరు బాంబుల కింద, ఒకరు నాజీల కింద. ఇద్దరు మగాళ్ళు కలుసుకుంటే మాట్లాడుకోవాల్సినవి బోలెడు ఉంటాయి. వాళ్ళు మాటల జోలికి పోలేదు. వాయిద్యాలు తీసుకున్నారు, అనుకోకుండానే ఫ్రాన్సు జాతీయగీతం ‘మార్సెయేజ్’ అందుకున్నారు. సైనికులు కవాతు చేసే పాట అది. దాన్ని స్వింగ్‌లోకి దించి, కొంటెగా, గంతులేస్తూ వాయించారు. కొద్దిరోజులకు రికార్డు కూడా చేశారు. వినండి, నాలుగేళ్ళ ఆక్రమణ తర్వాత జాతీయగీతాన్ని అంత తేలిగ్గా, అంత చనువుగా ఎత్తుకున్నవాళ్ళు ఇంకెవరున్నారు?

అదే ఏడాది డ్యూక్ ఎలింగ్టన్ పిలుపు మీద అమెరికా పోయాడు. గిటారు లేకుండా పోయాడు. తను దిగగానే అక్కడి గిటారు కంపెనీలు క్యూ కడతాయనుకున్నాడు, ఎవరూ రాలేదు. నవంబరులో కార్నెగీ హాల్లో రెండు రాత్రుల కచేరీ ఉంటే, రెండోనాడు బాగా ఆలస్యంగా వచ్చాడు. అమెరికా అతనికి పడలేదు. 1951లో సెన్ నది ఒడ్డున సామ్వా అనే పల్లెలో ఇల్లు తీసుకున్నాడు. చేపలు పట్టుకున్నాడు, బొమ్మలు వేసుకున్నాడు, బుద్ధి పుట్టినప్పుడు ఎలక్ట్రిక్ గిటారు పట్టుకుని పారిస్ వెళ్ళి వాయించి వచ్చాడు. 1953 మే 16న అలాగే వచ్చి, రైలు స్టేషను నుంచి నడిచి, ఇంటి దగ్గర కుప్పకూలాడు. మెదడులో నరం చిట్లింది. ఆ రోజు శనివారం, డాక్టరు దొరికేసరికి చాలా ఆలస్యమైంది. వయసు 43.

జాంగో పోయిన పన్నెండేళ్ళకు, ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌లో, రేకులు వంచే ఫ్యాక్టరీలో ఓ 17 ఏళ్ళ ఎడమచేతివాటం గిటారిస్టు ఉద్యోగంలో చివరిరోజున యంత్రం కింద చెయ్యి పెట్టాడు. తీగలు నొక్కే కుడిచేతి మధ్యవేలు, ఉంగరం వేలు కొసలు తెగిపోయాయి. గిటారు మాట ఇక మర్చిపోవాల్సిందే అనుకుని ఇంట్లో కూర్చుంటే, ఫ్యాక్టరీ మేనేజరు ఓ రికార్డు తెచ్చి వినిపించి, ఇది వాయించినవాడికి ఎన్ని వేళ్ళున్నాయో చెప్పాడు. ఆ కుర్రవాడు టోనీ అయోమి. ప్లాస్టిక్ సీసా కరిగించి వేలికి తొడుగులు చేసుకున్నాడు. నొప్పి తట్టుకోవడానికి తీగలు వదులు చేశాడు, దాంతో శ్రుతి కిందికి దిగింది. బ్లాక్ సబాత్ పేరుతో ప్రపంచంలోకెల్లా చీకటైన, బరువైన రాక్ సంగీతం తయారుచేశాడు.

ఇద్దరికీ దెబ్బతిన్నవి రెండేసి వేళ్ళే. రెండోవాడికి ధైర్యం ఇచ్చింది మొదటివాడి రికార్డే. ఒకరి గిటారు పెళ్ళిపందిరి, మరొకరిది పిడుగుల రాత్రి. గాయంలోంచే సంగీతం స్వభావం పుడుతుందనేవాళ్ళు దీనికి ఏం జవాబు చెబుతారో వినాలని ఉంది.

సామ్వాలో 1968లో జాంగో పేరిట ఉత్సవం మొదలైంది. మనూష్ కుటుంబాల పిల్లలు బండ్లేసుకుని వచ్చి చెట్ల కింద గుంపులుగా కూర్చుని తెల్లవార్లూ వాయిస్తారు. కొందరు పట్టుదలగా రెండు వేళ్ళతోనే అతని పరుగులు సాధన చేస్తారు. బిరేలీ లాగ్రేన్ పదమూడేళ్ళకే జాంగో బాణీలో రికార్డు ఇచ్చాడు. వీళ్ళ వేగం జాంగోను ఎప్పుడో దాటేసింది, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ ఇంత వేగంలో పరుగెత్తేవాళ్ళకు మధ్యలో ఆగి ఒకే స్వరాన్ని పదిసార్లు మొండిగా కొట్టి నవ్వే తీరిక ఉండటం లేదని నాకనిపిస్తుంది. లాగ్రేన్ అప్పుడప్పుడు ఆగుతాడు.